చోన్ పిన్ని సంతకం

"సంచీ వదులు మికాయెలా. బెల్లు కొట్టేస్తారు."

మికాయెలా వదల్లేదు. కూతురి భుజానికున్న సంచీ పట్టీని ఇంకాస్త బిగించి పట్టుకుంది. ఏడేళ్ల అరసెలి, తల్లినీ గుమ్మంలో నిలబడ్డ చోన్ పిన్నినీ మార్చి మార్చి చూసింది. పిన్ని వెనక మెట్ల మీద ఎనిమిది మంది పిల్లలు ఒకే తాడు పట్టుకుని వరసగా నిలబడి ఉన్నారు.

"లాండ్రీ పక్కన ఇమిగ్రేషన్ వాళ్ల నల్ల వ్యాను ఆగిందట పిన్నీ. ఫోన్లో అందరూ అదే పెడుతున్నారు. రేపు పంపిస్తాను."

"నిన్నా ఇదే అన్నావు. జడ్జి సంతకం లేకుండా వాళ్లు బడిలోకి రాకూడదు. ఆసుపత్రిలోకి రాకూడదు. చర్చిలోకి రాకూడదు. రూలు."

"బడిలోకి సరే. బడి దాకా?"

ఇంటికీ బడికీ మధ్య పదకొండు నిమిషాల నడక. ఆ పదకొండు నిమిషాలకి ఏ రూలూ లేదు. పోయిన నెల మికాయెలా మొగుణ్ణి కూడా చర్చిలో ఎవరూ ముట్టుకోలేదు. ప్రార్థన అయ్యేదాకా బయట ఓపిగ్గా నిలబడి, అతను ఆఖరి మెట్టు దిగాక పట్టుకుపోయారు.

"మీకేం పిన్నీ, దర్జాగా తిరుగుతారు. నా కడుపులో ఏం తిరుగుతోందో మీకేం తెలుసు?"

"నా కడుపులో పొద్దున తిన్న మొక్కజొన్న తమాలు తిరుగుతున్నాయి. నడవ్వే పిల్లా."

అరసెలి కిసుక్కున నవ్వింది. మికాయెలా చెయ్యి సడలింది.

"పన్నెండింటికి చర్చి ఆఫీసులో సంతకం. మర్చిపోకండి."

"చూద్దాం," అంటూ పిన్ని తాడు కొసను అరసెలికి అందించి మెట్లు దిగింది.

చూద్దాం అనడం ఇది నాలుగోసారి. రేపు పొద్దున మికాయెలా ఇమిగ్రేషన్ ఆఫీసులో హాజరు వేయించుకోవాలి. అలా వెళ్లినవాళ్లలో కొందరు ఇంటికి తిరిగి రావడం లేదు. తను రాకపోతే అరసెలి ఎవరి దగ్గర ఉండాలో రాసి, వాళ్ల చేత సంతకం పెట్టించుకొమ్మని చర్చిలో లాయరమ్మ చెప్పింది. "పట్టుబడే భయం లేని మనిషిని చూసుకో. వాళ్లనీ తీసుకుపోతే పిల్లకి ఎవరు దిక్కు?" అంది.

ఆ మూడంతస్తుల ఇంట్లో అందరూ గ్వాతెమాలా నుంచి వచ్చినవాళ్లే. చేపల ఫ్యాక్టరీలో పనిచేసి, తలొంచుకుని ఇంటికొచ్చేవాళ్లే. తల ఎత్తి నడిచే మనిషి చోన్ పిన్ని ఒక్కతే. ఇరవై ఏళ్ల కిందట వచ్చింది. ఇంటి ఓనరుతో ఇంగ్లీషులో పోట్లాడి హీటరు బాగు చేయించగలదు.

మికాయెలా కిటికీ దగ్గరికి పరిగెత్తింది. లాండ్రీ దాటగానే వ్యానులోంచి ఇద్దరు దిగారు. పిన్ని ఆగలేదు. పిల్లలకీ వాళ్లకీ మధ్యకి జరిగి, నడుస్తూనే అరచెయ్యి చాపింది. జడ్జి కాగితం ఏదీ అని అడుగుతున్నట్టుంది. వాళ్లలో ఒకడు ఏదో అన్నాడు. పిన్ని తల అడ్డంగా ఊపి, గడ్డంతో బడి వైపు చూపించింది. తాడు కదులుతూనే ఉంది. వాళ్లిద్దరూ గేటు దాకా వెంట నడిచి అక్కడే ఆగిపోయారు. గేటు మూసుకుంది. అప్పుడుగానీ తను కర్టెన్ కొసను కొరుకుతున్నానని మికాయెలాకి తెలియలేదు.

రోజూ ఎనిమిదిన్నరకల్లా పిన్ని తిరిగొచ్చేస్తుంది. ఇవాళ పదైంది. పన్నెండైంది. మికాయెలా ఫోన్ చేసింది.

"ఎక్కడున్నారు?"

"బడి వంటింట్లో. క్యారెట్లు తరుగుతున్నా."

"చర్చికి?"

"ఇవాళ వీలుపడదే. సాయంత్రం పిల్లల్ని బడి నర్సు మెదైరోస్ తీసుకొస్తుంది. నేను చెప్పాను."

"క్యారెట్లకి వీలుపడిందిగా."

పిన్ని ఫోన్ పెట్టేసింది.

పక్కింటి తొమాసా గుమ్మానికి ఆనుకుని అంతా వింది. "ఈ దేశంలో ఉండటానికి కాగితాలొచ్చినవాళ్లకి మనమంటే చులకన. సంతకం పెడితే నీ పిల్ల ఆవిడ మెడకి చుట్టుకుంటుందని బెంగ. పెద్దమనిషి కదా, మొహాన చెప్పలేక తప్పించుకుంటోంది."

మికాయెలా కూర్చుంది. లేచింది. పొయ్యి మీది అతోల్ జావ మాడిపోతే దించింది. మళ్లీ కిటికీ దగ్గరికి వెళ్లింది. చర్చి ఆఫీసు మూడింటికి మూసేస్తారు. రెండింటికి కాగితాన్ని మడిచి రవికెలో దోపుకుని, అయిదు వారాల తర్వాత మొదటిసారి ఒంటరిగా వీధిలోకి దిగింది.

ఆ ఇద్దరూ ఇంకా గేటు ఎదురుగానే ఉన్నారు. మికాయెలాని కోపం నడిపించింది. వాళ్లు ఆమె వైపు చూడనైనా లేదు. గేటు లోపలికే చూస్తూ నిలబడ్డారు.

వంటింట్లో క్యారెట్లు ఎప్పుడో అయిపోయాయి. పిన్ని రేపటి బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది.

"వాళ్ల ముందు నుంచే వచ్చావా?" అంది కంగారుగా.

"మీరు రారుగా. నా పిల్ల మీకు బరువైపోతుందా?"

"సంతకం లేకపోయినా అరసెలిని నేను చూసుకోనా?"

"మాటలు నేనేం చేసుకోను పిన్నీ. పెన్ను పట్టుకోండి."

"నర్సు మెదైరోస్ పెడుతుంది. పొద్దుట్నుంచీ బతిమాలితే ఇప్పుడే ఒప్పుకుంది. మంచి మనిషి, ఈ ఊళ్లోనే పుట్టింది."

"నాకు నర్సు వద్దు. నా పిల్ల ఆవిడ దగ్గర అన్నం తినదు, నిద్రపోదు. మన ఇంట్లో కాగితాలున్న మనిషి మీరొక్కరే. మీరే పెట్టాలి."

పిన్ని కత్తి పక్కన పెట్టింది. చేతులు తుడుచుకుని, కిటికీలోంచి గేటు వైపు చూసి గొంతు తగ్గించింది.

"నాకెక్కడివే కాగితాలు?"