ఎదురుగా కూర్చునే మనిషి

తోడు మనిషి సంచి అత్తగారే సర్దింది.

రెండు చీరలు, ఒక దువ్వెన, చిన్న స్టీలు గిన్నె, అంతకన్నా చిన్న చెంచా. అడుగున మాత్రల అట్ట కనబడింది. దాన్ని తీసి పక్కన పెట్టేసింది.

"అవి నావేనమ్మా," అంది తోడు మనిషి గుమ్మంలో నిలబడి.

"మా కోడలి మాత్రలూ ఇదే రంగు, ఇదే అట్ట. నాకు కళ్ళున్నాయి."

ఆ ఇంట్లో ఆమెకున్న పేరు అదే, తోడు మనిషి. పద్నాలుగు రోజుల కిందట, పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకుని కోడలు ఇంటికి వచ్చినప్పుడు వెంట వచ్చింది.

"ఆస్పత్రి వాళ్ళు పంపారు, అత్తయ్యా. నలభై రోజులుంటుంది. జీతం అక్కర్లేదట," అని చెప్పింది కోడలు.

అత్తగారు ఆమెను కింది నుంచి పైదాకా చూసింది. ముప్పై ఏళ్ళుగా ఆడవాళ్ళ బట్టలు కుడుతున్న మనిషి. చూపుతోనే కొలత తీసేస్తుంది.

"ఈవిడ జాకెట్టుకి రెండు మీటర్లు పడుతుంది. తక్కువ తినడం నేర్పడానికి వాళ్ళకి ఈవిడే దొరికిందా?"

కొడుకు పడీ పడీ నవ్వాడు. తోడు మనిషి కూడా నవ్వింది, పొట్ట చేత్తో పట్టుకుని.

రోజుకి ఆరుసార్లు వాళ్ళిద్దరూ వంటింట్లో గోడవార ఎదురెదురుగా కూర్చునేవారు. చెరో చిన్న గిన్నె, చెరో చిన్న చెంచా.

"నోట్లో పెట్టుకున్నాక చెంచా కింద పెట్టేయ్. పాతికసార్లు నములు. నీళ్ళు ఇప్పుడు కాదు, అరగంట పోయాక."

"లెక్కల పంతులమ్మ మొదలెట్టింది," అనేది అత్తగారు కుట్టుమిషను దగ్గర్నుంచి.

ఒకనాడు పక్కింటి వేపుడు వాసనకి కోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"కడుపు నిండే ఉంది. అయినా తినాలనిపిస్తోంది. నా మీద నాకే భయంగా ఉంది."

"అడిగేది కడుపు కాదు. పొద్దున నిన్ను ఎవరేమన్నారు?"

కోడలు కళ్ళు తుడుచుకుంది.

"మళ్ళీ లావెక్కితే పుట్టింటికి పంపేస్తానన్నారు ఆయన."

"సరే. లోపల దాచుకోకుండా నాతో చెప్పావుగా. ఇప్పుడు ఇంకో చెంచా తిను. మెల్లిగా."

ఆమె ఎదురుగా ఉంటే కోడలు తిన్నది లోపల నిలిచేది. లేకపోతే గబగబా మింగి, అంతా కక్కేసేది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

"నీకు ఇల్లూ వాకిలీ లేవా?" అని ఒకసారి అడిగింది అత్తగారు.

"ఇల్లు ఉందమ్మా. ఎదురుగా కూర్చునేవాళ్ళే లేరు."

"మాటలు బాగానే నేర్చావు. ఆ గుడ్డల మూట మేడ మీద పడెయ్."

కోడలు గబుక్కున లేచింది. "అత్తయ్యా, మూట నేను..."

"ఒంటి మీద పచ్చి కుట్లు పెట్టుకుని బరువులెత్తుతావా? చస్తావు. ఊరికే తిని కూర్చునే మనిషి ఉందిగా."

"నేను ఎత్తుతాలే, నువ్వు కూర్చో," అంది తోడు మనిషి.

సగం మెట్లెక్కి కూలబడిపోయింది.

"బద్ధకం కూడా సైజుకి తగ్గట్టే ఉంది," అన్నాడు కొడుకు.

రోజూ మూటలు, తడిబట్టల బకెట్లు. రోజూ మెట్ల మధ్య ఆ కూలబడడం. కోడలు చూసేది. తల వంచుకునేది.

బలానికని డాక్టరు రాసిన పొడి డబ్బా మీద అత్తగారు సుద్దముక్కతో గీతలు పెడుతూ వచ్చింది. నెలంతా రావలసిన పొడి పద్నాలుగో రోజుకే అడుగంటింది.

"నువ్వూ తాగుతున్నావా?"

"రోజూ రెండు చెంచాలమ్మా," అంది తోడు మనిషి.

"నీకెందుకే ఇది? నీకు కండ తక్కువైందా?"

కోడలు నోరు తెరిచింది. తోడు మనిషి ఆమె వైపు చూసి తల అడ్డంగా ఊపింది. తెరిచిన నోరు మూసుకుంది.

అదీ, ఆ మధ్యాహ్నం సంచి సర్దడానికి కారణం.

"నేనున్నాననుకుని తిను," అంది తోడు మనిషి వెళ్ళబోతూ. "తొందరపడకు."

కోడలు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. అత్తగారు పక్కనే ఉంది.

సంచి భుజానికి తగిలించుకోలేక, వీధిలో నేల మీద ఈడ్చుకుంటూ వెళ్ళింది ఆమె. రెండుసార్లు ఆగింది. ఎవరూ పిలవలేదు.

మర్నాటి నుంచి కోడలు ఒంటరిగా తింది. తిన్నదంతా కక్కింది.

అత్తగారు టేపు తెచ్చి నడుము చుట్టూ పెట్టి చూసింది.

"అంగుళం తగ్గావు. మంచిదేగా."

గురువారం పరీక్షకి అత్తాకోడళ్ళు ఆస్పత్రికి వెళ్ళారు. నర్సు జాబితా చూసి తలెత్తింది.

"ఇద్దరూ కలిసే వస్తామన్నారు. రెండో ఆవిడేది?"

"మీరు పంపిన మనిషేగా? వెళ్ళగొట్టేశాం. చేతివాటం," అంది అత్తగారు. "ఇంకొకర్ని పంపండి. కాస్త ఒళ్ళొంచి పనిచేసేదాన్ని చూసి పంపండి."

"మేం ఇళ్ళకి ఎవర్నీ పంపమండి."

అత్తగారు కోడలి వైపు తిరిగింది.

"మరి నాతో అలా ఎందుకు చెప్పావు?"

"నిజం చెబితే గడప తొక్కనిచ్చేవారా, అత్తయ్యా?"

నర్సు ఆ రెండో ఆవిడకి ఫోను చేసి కాసేపు చూసింది. దించేసింది.

"నిన్నటి నుంచీ ఇంతే. ఎత్తడం లేదు."

కోడలి పక్క మంచం మీద, కోడలికి జరిగిన రోజే, అదే ఆపరేషన్ చేయించుకున్న ఆ మనిషి ఆ గురువారం పరీక్షకి రాలేదు. ఆ తర్వాత ఏ గురువారమూ రాలేదు.