గడియ ఎటువైపు

1984 మార్చి 11, ఆదివారం ఉదయం పది గంటలకు కామాటిపుర తొమ్మిదో గల్లీలో, వరుస గదుల చాల్‌ భవనంలో రాజలింగం ఉంటున్న ఒంటి గదిలో, మేస్త్రీ బుచ్చన్న మూలన నీళ్లు పోసుకునే మోరీ చుట్టూ సుద్దగీత గీశాడు. గీత మీద గోడ లేపి తలుపు పెడితే స్నానాలగది అవుతుంది.

"నలభై ఏండ్లు చీర అడ్డం కట్టుకొని తానం జేసిన. నా కొడుకు తలుపు పెట్టిస్తుండు," అంది రాజలింగం తల్లి లక్ష్మవ్వ.

"కిటికీ ఏ దిక్కు, అన్నా?" అని మేస్త్రీ అడిగాడు.

"వద్దు. అరిస్తే చాల్ మొత్తం వినవడ్తది," అన్నాడు రాజలింగం.

"గడియ లోపల్నే గదా?"

"బయట. అవ్వ మొన్న తొవ్వ మరిచి గ్రాంట్ రోడ్ టేషన్ల దొరికింది. మేం డ్యూటీకి పోతే ఎవలు కాస్తరు?"

బుచ్చన్న లక్ష్మవ్వ వైపు చూశాడు. ఆమె ముప్పై ఏళ్లు మేస్త్రీల దగ్గర ఇటుకలు మోసింది.

"అయితే గడియకు పొట్టి స్క్రూలు ఆగయి, బిడ్డా," అంది ఆమె. "నేను తోస్త."

బుచ్చన్న సామాను చీటీలో పొడుగు స్క్రూలు రాసుకున్నాడు.