యాభై ఎనిమిది మార్కులు

ఇంకా పుట్టని ప్రాణానికి మార్కులు వేసే హక్కు మనకెవరిచ్చారని కేదార్ తనను తాను ప్రశ్నించుకున్నాడు. పిండాన్ని ఉంచాలా, పారవేయాలా అని అడుగుతూ ఆసుపత్రి సందేశం ఫోన్‌కు మూడోసారి వచ్చింది. ఒక్కసారికి ఒక్క పిండాన్నే గర్భంలో ఉంచుతారు. తొంభై మార్కులు దాటిన రెండు పిండాలూ కడుపులో నిలవలేదు. మిగిలినదానికి యాభై ఎనిమిది. దాన్ని పారవేసి, సూదులతో మళ్ళీ మొదలుపెట్టమని మార్కులు వేసే యంత్రం సలహా. అందరూ చేసేదీ అదే. బడి దరఖాస్తులో ఆ మార్కులకు ప్రత్యేకంగా ఒక గడి ఉంది.

చిక్కుడుకాయలు ఒలుస్తున్న భార్య వైదేహి తలెత్తకుండానే అడిగింది.

"ఏమండీ, పదో తరగతి లెక్కల్లో మీకెన్నొచ్చాయి?"

"నలభై రెండు. ఇప్పుడవెందుకు?"

"మరి మిమ్మల్ని పారేశానా?"

నవ్వబోయిన కేదార్‌కు ఆమె పొట్టమీది సూదిమచ్చలు గుర్తొచ్చాయి. ఫోన్‌లో "ఉంచండి" అన్న మాటను నొక్కి, ఆసుపత్రికి బయలుదేరదామని లేచి ఆమె చెప్పులు తెచ్చి ముందు పెట్టాడు.