వెనక వస్తున్న మనిషి

కావాలనే వెనకబడి వస్తున్నాడు. లేకపోతే ఆ మనిషికి ఆయాసమైనా రావాలి కదా.

ఎనభయ్యో కిలోమీటరు రాయి దాటుతూ అతను సైకిలు మీంచి మళ్ళీ వెనక్కి చూశాడు. పసుపు చొక్కా అక్కడే ఉంది. ముప్పై గజాలు. ఒక్క గజం తగ్గదు, పెరగదు.

తను నెమ్మదిస్తే అదీ నెమ్మదిస్తుంది. తను నీళ్ళకి ఆగితే అదీ దూరంగా ఆగి, ఎటో చూస్తున్నట్టు నటిస్తుంది.

బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకోవడం అతని ఉద్యోగం. విరిగిందన్న చెయ్యి ఎలా ఊగుతుందో, ఏడ్చే కళ్ళు ఎటు తిరుగుతాయో ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నాడు.

"నీ నీడని కూడా అడ్రసు అడక్కుండా వెంట రానివ్వవు నువ్వు," అనేది భార్య.

ఆ భార్య పేరు కోసమే ఇప్పుడీ తొక్కుడంతా.

నయం కాని రోగులు నొప్పి లేకుండా వెళ్ళిపోయేలా చూసుకునే చిన్న వార్డులో ఆమె చివరి నెల గడిచింది. ఏటా ఆ వార్డు కోసమే ఈ సైకిలు యాత్ర. నూట అరవై కిలోమీటర్లు. సాయంత్రం ఆరులోపు ఆసుపత్రి గేటు దాటినవాళ్ళు వార్డు గోడ మీద ఒక్క పేరు రాయవచ్చు. ఎవరి పేరైనా సరే. ఆరు దాటితే మాత్రం కుంచె చేతికివ్వరు.

నిరుడు పది నిమిషాల తేడాలో తప్పిపోయింది.

అదీ, పెద్ద ఎత్తు దగ్గర ఒక లారీ గొలుసు పట్టుకుని రెండు కిలోమీటర్లు లాగించుకున్నాక కూడా. తన వెనకున్న నలుగురూ అప్పటికి కనుచూపు మేరలో లేరు. ఎవరూ చూడలేదు. చూడలేదనే ఇన్నాళ్ళూ అనుకున్నాడు.

ఆ నలుగురూ ఈ ఏడు రాలేదు. ఇప్పుడు అందరికన్నా వెనక తనే.

మూడు నెలలు ఒళ్ళు హూనం చేసుకున్నాడు. ప్రతి ఆదివారం గుంపుతో కలిసి సాధన. పసుపు చొక్కా కంటపడింది అక్కడే. మొదట సైకిళ్ళ దొంగ అనుకుని రెండో తాళం కొన్నాడు.

"ఎవరాయన?" అని పక్కన తొక్కే దర్జీని అడిగాడు.

"ఏమోనండీ. పలకరిస్తే నవ్వుతాడు. తొక్కితే మనందర్నీ దాటిపోగలడు. ఎందుకు వెనకబడతాడో మరి."

ఎందుకో అతనికి అప్పుడే తట్టింది. నిఘా. నిరుటి లారీ సంగతి యాత్ర నడిపేవాళ్ళ చెవిన ఎవరో వేసి ఉంటారు.

తొంభయ్యో రాయి దగ్గర ఆగి నిలదీశాడు.

"ఏమండీ, మీరు ముందుకి వెళ్ళొచ్చుగా?"

"పర్లేదండీ, మీరు పదండి."

"అసలు నాతో మీకేం పని?"

"ఏం లేదండీ." ఆ మనిషి కాస్త తడబడ్డాడు. "మీ సీటు కొంచెం కిందికుంది. మోకాళ్ళు పట్టేస్తాయి."

సీటు దాకా చూసినవాడు ఇంకేం చూడకుండా ఉంటాడు?

మోకాళ్ళు అప్పటికే పట్టేశాయి. అయినా సీటు పైకి జరపలేదు.

పెద్ద ఎత్తు వచ్చింది. ఒక లారీ మూలుగుతూ పక్కనుంచి పోతోంది. వెనక తాడొకటి వేలాడుతోంది. చెయ్యి దానంతట అదే హ్యాండిల్ వదిలింది. వీపులో రెండు కళ్ళు గుచ్చుకున్నట్టయి, మళ్ళీ హ్యాండిలే పట్టుకున్నాడు.

మొత్తం ఎత్తు తొక్కుకుంటూ ఎక్కాడు. పైకి చేరాక తనకే నమ్మబుద్ధి కాలేదు.

'చూశావుగా, రాసుకో,' అనుకున్నాడు లోలోపల.

నూట నలభయ్యో రాయి దాటాక వెనకనుంచి పిలుపు వినిపించింది.

"ఏమండీ, కాస్త ఆగండి."

అతను ఆగలేదు.

"ఒక్క నిమిషం, అన్నా."

ఓహో, వరస కూడా కలుపుతున్నాడు. గేటు దగ్గర తనకి ఆలస్యం కావాలి, అంతేగా. ఒక్క నిమిషం సార్ అన్నవాళ్ళని ఎంతమందిని చూడలేదు? పళ్ళు బిగించి తొక్కాడు. పిలుపు పలచబడి, ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే రోడ్డు ఖాళీ.

పొద్దుటినుంచి మొదటిసారి అతనికి ఊపిరి ఆడింది. ఈల కూడా వేశాడు.

ఆఖరి మజిలీలో వార్డు నర్సు ఒక్కతే ఉంది. బల్ల మీది నీళ్ళ సీసాలు అట్టపెట్టెలో సర్దుతోంది. అతని కార్డు మీద ముద్ర వేసింది.

"ఐదుంబావు. ఇంక పన్నెండు కిలోమీటర్లే, అన్నయ్యా. ఈసారి హాయిగా అందుకుంటారు." అతని భుజం మీదుగా రోడ్డు వైపు చూసింది. "ఆయనేరీ?"

"ఎవరు?"

"పసుపు చొక్కా ఆయన. మీరేగా చివర? మీ వెనకే ఉండాలే."

"నా మీద నిఘాకి మీరు పంపినాయనేగా?"

"మేం పంపడమేంటి?" నర్సు ముద్ర పక్కన పెట్టింది. "ఆయనా మీలాగే నంబరు కట్టుకుని వస్తాడు. ఆరేళ్ళ కిందట ఇదే యాత్రలో ఆయన తమ్ముడు అందరికన్నా వెనకబడి, కల్వర్టు కింద పడిపోయాడు. వెనక ఎవరూ లేరుగా, చూసేదెవరు? మర్నాడు శవమై దొరికాడు. అప్పట్నుంచీ చివరివాళ్ళ వెనక ఈయనుంటాడు."

అతను వెనక్కి తిరిగి రోడ్డు వైపు చూశాడు.

"చివరివాళ్ళెప్పుడూ ఆరులోపు రారు, వాళ్ళ వెనకొచ్చే ఈయనా రాడు. తమ్ముడి పేరు గోడెక్కనే లేదు. ఈ ఏడాది మీరు బాగా తొక్కుతున్నారని పొద్దున ఒకటే సంబరం. 'ఆయన అందుకుంటే నేనూ అందుకుంటాను సిస్టర్,' అన్నాడు."

నర్సు ఆయనకి ఫోను చేసి, చెవి దగ్గర పెట్టుకుని కాసేపు చూసింది. "మోగుతోంది. ఎత్తట్లేదు. మా వ్యానేమో ఇద్దరికి ఒంట్లో బాగోలేదని వాళ్ళని ఎక్కించుకుని ఆసుపత్రికి వెళ్ళిపోయింది."

"ఆయన వెనక ఎవరున్నారు?" అన్నాడు అతను.

"ఆయన వెనక ఎవరుంటారు, అన్నయ్యా?"

అతను కార్డు జేబులో పెట్టుకుని, సైకిలుని వచ్చిన దారి వైపు తిప్పాడు.