అమ్మకిమ్మన్న కాగితం

“దీన్ని మారప్ప మామకి ఇయ్యి అవ్వా. అమ్మకి అందిస్తాడు.”

రశ్మి నాలుగు మడతలు పెట్టిన కాగితాన్ని నాగరత్నం చేతిలో పెట్టింది.

“ఫోన్లో చెప్పొచ్చు కదే?”

“ఫోన్లో అయితే షెడ్డులో ఉండేవాళ్లంతా వింటారు.”

“ఏం రాసినావు?”

“చెప్పకపోతే చదువుతావా ఏమి? నీకు వచ్చేది బస్సు బోర్డులే కదా. చేతిరాత యాడొస్తుంది?”

రశ్మి నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. సంచి తగిలించుకుని బడికి వెళ్లిపోయింది. పళ్లెంలో సంగటి పెట్టింది పెట్టినట్టే ఉంది.

ఆ పిల్ల ఎనిమిదో తరగతి. అమ్మానాన్నలు బెంగళూరులో కట్టడం పని చేస్తూ అక్కడి షెడ్డులోనే ఉంటారు. తమిళనాడు సరిహద్దులోని ఉద్దనపల్లికి మూడు గంటల దారి. అయినా వాళ్లు వచ్చి నాలుగు నెలలైంది. నిన్న వస్తామని చెప్పి మళ్లీ రాలేదు. సాయంత్రం రశ్మి తన రంగు పెన్సిళ్లన్నీ పక్కింటి పిల్లకు ఇచ్చేసింది. “నాకింకేం పని వాటితో?” అంది.

నాగరత్నం బస్టాపుకు వెళ్లేసరికి పిల్లమ్మ బంతిపూలు కడుతూ కూర్చుని ఉంది.

“ఏం రత్నమ్మా, బోర్డులు చదివేదానికి వచ్చినావా?”

ఏడేళ్ల కింద, మనవరాలి ఒకటో తరగతి పుస్తకం ముందేసుకుని నాగరత్నం తమిళ అక్షరాలు దిద్దింది. అప్పటి నుంచి రాయకోట, హోసూరు, కృష్ణగిరి అని వచ్చే బస్సునల్లా చదువుతుంది. బోండాలు చుట్టిచ్చిన కాగితాన్నీ వదలదు.

“ఇంట్లో మాట్లాడేది తెలుగు. నేర్చుకుంటే అది నేర్చుకోవచ్చు. ఈ వయసులో అరవం ఎందుకమ్మా నీకు?”

“బోర్డులన్నీ అరవమే కదా. దారి తప్పిపోతే?”

“నువ్వు ఊరు దాటితే కదా తప్పేది!”

నాగరత్నం నడుముకున్న వక్కాకు సంచి తడుముకుంది. అందులో ప్లాస్టిక్ కవరులో ఒక పాత కాగితం ఎప్పుడూ ఉంటుంది. ఎవరడిగినా రేషన్ కాగితమని చెబుతుంది. అది ఉందని చూసుకుని, రశ్మి ఇచ్చిన కాగితం మడతలు విప్పింది.

కొడుకూ కోడలూ పనిచేసే చోటికే పోయే మారప్ప సంచితో పరుగున వచ్చాడు.

“ఇయ్యమ్మా, బస్సొస్తా ఉంది.”

“ఉండప్పా.”

“అర్జీ చూసే కలెక్టరు మాదిరి ఉండావే! ఇట్లియ్యి, ఆడ ఎవరితోనన్నా చదివిస్తాలే.”

నాగరత్నం చేయి చటుక్కున వెనక్కి తీసుకుంది. ఒక్కో అరవ అక్షరం మీద వేలు పెట్టి చదివింది.

‘అమ్మా, నా చదువు కోసమే కదా మీరు ఆడ ఉండేది. నేను లేకపోతే మీరిద్దరూ ఇంటికి వచ్చేయొచ్చు. అవ్వను బాగా చూసుకోండి.’

బస్సు వచ్చి ఆగింది.

“మారప్పా, బస్సు పోనీ. ఫోన్ చెయ్యి. ఇద్దరినీ ఇప్పుడే బయల్దేరమను.”

“పని మధ్యలో మేస్త్రీ పంపడమ్మా.”

“పంపకపోతే నేనే వస్తానని చెప్పు. నాకిప్పుడు బోర్డులు తెలుసు.”

ఆమె బడికి వెళ్లి రశ్మిని మెట్ల మీదికి పిలిపించింది. పక్కన కూర్చుని సూటిగానే అడిగింది.

“చచ్చిపోవాలనిపిస్తా ఉందా తల్లీ?”

రశ్మి తల ఊపింది. నాగరత్నం తిట్టలేదు, ఒట్లు వేయించుకోలేదు.

“చెప్పు. నేను యాడికీ పోను.”

గంట రెండుసార్లు మోగేదాకా వింటూనే ఉంది. కాగితం చూసిన టీచరమ్మ హోసూరు ఆసుపత్రిలో పిల్లల మనసు చూసే డాక్టరుకు ఫోన్ చేసి, రేపు ఉదయానికి వస్తామని చెప్పింది.

సాయంత్రానికి కొడుకూ కోడలూ సిమెంటు అంటిన బట్టలతోనే దిగారు. అమ్మ ఒళ్లో తల పెట్టుకుని రశ్మి ఏడ్చింది. ఏడ్చి, రెండు ముద్దలు తింది. ఆ తర్వాత అవ్వ వైపు తిరిగింది.

“చేతిరాత ఎప్పుడు నేర్చుకున్నావు? బోర్డులకి అదెందుకు?”

నాగరత్నం వక్కాకు సంచిలోని కవరు తీసి ఇచ్చింది. రశ్మి జాగ్రత్తగా విప్పింది. అవే నాలుగు మడతలు. పాలిపోయిన తమిళ అక్షరాలు. పైన ‘అమ్మా’ అని ఉంది. అడుగున ‘తనూజ’. జ్వరంతో పోయిందని ఇంట్లో అందరూ చెప్పే మేనత్త.

“తనూజను ఈడ వదిలి నేను బెంగళూరులో ఇటుకలు మోసినప్పటిది. ఊరోళ్లు తెచ్చిచ్చినారు. ఆడ కన్నడం చదివేవాళ్లు ఉండారు, తెలుగు చదివేవాళ్లు ఉండారు. అరవం వచ్చినోళ్లే దొరకలేదు. నా కూతురు రాసిందని అందరికీ చూపించి, తొమ్మిది దినాలు రొంటిన పెట్టుకుని తిరిగినాను.”

రశ్మి కాగితం నుంచి తల ఎత్తింది.

“ఆ తొమ్మిది దినాలూ నా బిడ్డ బతికే ఉండింది.”