మొండి రోగి

“నాకూ ఒకటియ్యి,” అంది అమ్మ చెయ్యి చాపి.

సిగరెట్టు వెలిగించబోతున్న కొడుకు బన్ను చేతిలో అగ్గిపుల్ల అలాగే ఆగిపోయింది.

“నీకెందుకమ్మా?”

“నువ్వు తాగితే నేనూ తాగుతా. గుండె గుండె అంటూ నేనొక్కదాన్నే ఎందుకు భయపడి చావాలి?”

అరవై ఎనిమిదేళ్ళ మనిషి. జన్మలో పొగ పీల్చి ఎరగదు. అలాంటిది పెట్టెలోంచి ఒకటి లాగి దర్జాగా పెదాల మధ్య పెట్టుకుంది. బేకరీ ముందు టీ తాగుతున్నవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు. బన్ను రెండు సిగరెట్లూ నలిపి, పెట్టెతో సహా చెత్తబుట్టలో పారేశాడు.

ఆ బేకరీ యజమాని అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. మనిషి పొంగిన బన్నులా ఉంటాడు కాబట్టి ఆ పేరే ఖాయమైపోయింది. నలభై నాలుగేళ్ళు. బేకరీ పెట్టిన తాత ఏభై నిండకుండానే గుండె ఆగి పోయాడు. నాన్న పిండి కలుపుతూ కలుపుతూనే కూలిపోయాడు. ఆ తర్వాత చిన్నాన్న. “ఒక్కసారి డాక్టరుకి చూపించుకోరా,” అని అమ్మ ఏళ్ళ తరబడి మొత్తుకుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

“రాసిపెట్టి ఉన్నదాన్ని ఏ డాక్టరు ఆపుతాడమ్మా? ఉన్నన్నాళ్ళూ రాజాలా తిని, రాజాలా పోతా,” అనేవాడు, వేడి బన్ను చీల్చి వెన్న దట్టిస్తూ.

చివరికి ఒకరోజు అమ్మే ఒంటరిగా ఆసుపత్రికి వెళ్ళొచ్చింది. వస్తూనే కౌంటరు కుర్చీలో కూలబడింది.

“గుండె సంగతిరా. ఇప్పటినుంచే జాగ్రత్త పడకపోతే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టవుతుంది అన్నాడు డాక్టరు.”

తన చావు గురించి నవ్వుతూ మాట్లాడే మనిషి, అమ్మ లేని కౌంటరును ఊహించుకోలేకపోయాడు. నాన్న పోయిన వారానికే షట్టరు ఎత్తి, ఓవెన్ వెలిగించి, అతన్ని ఇంతవాణ్ణి చేసింది ఆవిడే.

“ఏం చెయ్యమంటే అది చేస్తానమ్మా. నువ్వు మాత్రం డాక్టరు మాట వినాలి.”

“వింటా. కానీ నేనొక్కదాన్నే కడుపు మాడ్చుకోను. నువ్వు మానితేనే నేను మానేది. నువ్వు నడిస్తేనే నేను నడిచేది.”

ఆ రోజునుంచీ బన్ను బతుకు బతుకు కాకుండా పోయింది. అతను ఉప్పుడబ్బా అందుకుంటే ఆవిడ తన కంచమూ ముందుకు జరిపేది. అతను బన్ను మీద వెన్న రాస్తే ఆవిడ రెండు బన్నులు తీసుకునేది. తెల్లారకుండానే దుప్పటి లాగేసి, చెరువు గట్టు మీద నడకకు బయల్దేరదీసేది. ముందు ఆవిడ, వెనక రొప్పుతూ అతను. పంతం పట్టిన కాళ్ళకి వేగం ఎక్కువ మరి.

ఆసుపత్రిలోనూ అదే తంతు. “ముందు వాడికి చూస్తేనే నేను చెయ్యి చాపేది,” అనేది. డాక్టరు బన్నుకి బీపీ చూసి, రక్తపరీక్ష చేయించి, రోజూ వేసుకోమని మాత్రలు రాశాడు. తన వంతు రాగానే అమ్మ అతన్ని బయట కూర్చోబెట్టేది. ఇంట్లో అతను మాత్ర మింగి నీళ్ళు తాగేదాకా ఆవిడ భోజనానికి కూర్చునేది కాదు. ఇంత మొండి రోగి ఏ కొడుక్కీ దొరకకూడదనుకునేవాడు బన్ను.

ఒకసారి గట్టు మీద ఆగిపోయి విసుక్కున్నాడు. “ఎందుకమ్మా ఇంత పంతం?”

అమ్మ వెనక్కి తిరిగింది. “ఈ గుండెజబ్బు మీ తాతని తీసుకుపోయింది, నోరుమూసుకున్నా. మీ నాన్నని తీసుకుపోయింది, ఏడ్చి ఊరుకున్నా. మళ్ళీ నా గుమ్మం తొక్కిందో, దాని కాళ్ళు విరగ్గొడతా. నడు.”

అతను నడిచాడు. నడవగా నడవగా ప్యాంట్లు జారడం మొదలైంది. బన్ను కాస్తా రస్కయ్యాడని వీధిలో జోకులేసుకున్నారు.

ఏడాది తిరిగింది. ఒక పొద్దున బన్ను మైదా బస్తాల వెనక్కి వెళ్ళి కొయ్యబారిపోయాడు. అమ్మ బోర్లించిన ట్రే మీద కూర్చుని ఉంది. చేతిలో పొగలు కక్కే బన్ను. వెన్న మోచేతిదాకా కారుతోంది. ఒళ్ళో ఉప్పు బిస్కెట్లు.

“ఏడాదిగా నీకోసం నేను చప్పిడి తిండి తింటుంటే, నువ్విక్కడ దొంగతిండి తింటున్నావా? నీ ప్రాణమంటే నీకు లెక్కలేదా? నాకుందమ్మా!” అని అరిచాడు.

అమ్మ తాపీగా చివరి ముక్క నోట్లో వేసుకుంది. “పద మరి, డాక్టరుకే చెబుదువుగాని.”

బండి మీద కూర్చోబెట్టుకుని సరాసరి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఉన్నదున్నట్టు పితూరీ చేశాడు. డాక్టరు అన్నీ విని, అలవాటు ప్రకారం అతని చేతికే బీపీ పట్టీ చుట్టాడు.

“శభాష్! బీపీ అదుపులో ఉంది. మొన్నటి రక్తపరీక్షలో కొవ్వు కూడా దిగింది. ఏడాది కిందటి మనిషి మీరేనా?” అంటూ పట్టీ మడిచి సొరుగులో పెట్టేశాడు.

“మరి అమ్మకి? ఈసారి నేను బయటికి వెళ్ళను. నా ఎదురుగానే చూడండి.”

డాక్టరు అమ్మవైపు చూశాడు. అమ్మ మూతికంటిన వెన్న తుడుచుకుని, ఏడాదిగా బిగబట్టుకున్న నవ్వంతా ఒక్కసారిగా నవ్వేసింది.

“నాకెక్కడి గుండె జబ్బురా పిచ్చి సన్నాసీ, అది మీ నాన్న వంశానిది, నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చినదాన్ని!”