నలభై ఏడో నంబరు

"టీసీ ఇచ్చేయండి మేడమ్. ఇక నా వల్ల కాదు" అన్నాడు తండ్రి, నడుం పట్టుకుని కుర్చీలో కూలబడుతూ.

రికార్డుల సెక్షన్ గుమాస్తా పెన్ను మూత తీసింది. ముప్పై రెండేళ్ళుగా ఆ బల్ల వెనకే కూర్చున్న ఆమెను ఇంజినీరింగ్ పిల్లలంతా రిజిస్టరమ్మ అంటారు. ఇంకో రెండు నెలల్లో రిటైర్మెంట్. ఎవరు చేరినా, ఎవరు మానేసినా ఆమెకిప్పుడు ఒకటే. ఒక వరుస రాయాలి, ఒక సంతకం పెట్టాలి.

తలుపు దగ్గర చక్రాల కుర్చీలో ఆయన కూతురు కూర్చుని ఉంది. మొదటి సంవత్సరం. డ్రాయింగ్ హాలు మూడో అంతస్తులో. నలభై రోజులుగా తండ్రి రోజూ ఆమెను వీపున వేసుకుని డెబ్బై రెండు మెట్లు ఎక్కుతున్నాడు. నిన్న సగం ఎక్కేసరికి నడుం పట్టేసింది.

"కూర్చుని ఒక్కో మెట్టూ జరుగుతాను నాన్నా" అంది పిల్ల.

"నువ్వు పైకి చేరేసరికి మిగతావాళ్ళు క్లాసయిపోయి దిగుతుంటారు తల్లీ." ఆయన నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు.

"కారణం ఏం రాయమంటారు?" అడిగింది రిజిస్టరమ్మ, కాగితం లోంచి తలెత్తకుండా.

"ఏముంది మేడమ్, మెట్లు ఎక్కలేకపోవడమే." ఆయన గొంతు తగ్గించాడు. "లిఫ్టు ఫలానా నెలకి వస్తుందని ఎవరైనా గట్టిగా చెబితే, అప్పటిదాకా పంటి బిగువున మోస్తాను. వస్తుందా?"

లిఫ్టు మాట ఆ ఉదయమే ఆమె బల్ల మీదికి వచ్చింది. పూర్వ విద్యార్థి ఎవరో పెట్టిస్తానన్నాడట. ఆమెకేమో నమ్మకం లేదు. సగం మంది పిల్లల ఫీజులు పూర్వ విద్యార్థుల నిధి నుంచే వెళ్తాయి, కాదనలేం. కానీ ఫ్యాన్లు ఇచ్చిన బ్యాచ్ రెక్కకో పేరు రాయించుకుంది. ల్యాబు కట్టిస్తానన్న ఇంకొకాయన స్టేజీ ఎక్కి చప్పట్లు కొట్టించుకుని వెళ్ళాడు, మళ్ళీ అజా పజా లేదు. ఈ లిఫ్టు మనిషి ఫారంలో రోల్ నంబరే వేయలేదు. నంబరు లేకపోతే సాయంత్రం కమిటీ దాన్ని అవతల పడేస్తుంది. పడేస్తే పడేయనీ అనుకుంది పొద్దున.

ఇప్పుడు ఆ తండ్రి నడుం మీది చెయ్యి చూసి, ఫోన్ తీసి ఆ లిఫ్టు మనిషికి కలిపింది.

"మీ ఫారంలో రోల్ నంబరు లేదండీ."

"ముప్పై ఏళ్ళ కిందటి రిజిస్టరు తీయండి. నలభై ఏడు." గొంతు నెమ్మదిగా ఉంది.

"పేరు ఎక్కడ వేయించమంటారు? తలుపు మీదా, లోపలా?"

"పేరెందుకండీ. మూడో అంతస్తులో ఆగితే చాలు. డ్రాయింగ్ హాలు ఇంకా అక్కడేనా?"

"అక్కడే. ఎక్కడికి పోతుంది."

"డబ్బు ఇవాళే పంపుతాను. మూడు నెలల్లో లిఫ్టు నడవాలి. నాది అదొక్కటే షరతు."

రిజిస్టరమ్మ బీరువా మీంచి పాత రిజిస్టరు దించి, దుమ్ముకు రెండు సార్లు తుమ్మి, పేజీలు తిప్పింది. నలభై ఏడు దొరికింది. ఆ వరుసంతా ఎర్ర సిరాతో కొట్టేసి ఉంది. మార్కులు లేవు, పాసైన ఏడాది లేదు. చేరిన తొమ్మిదో రోజునే టీసీ తీసుకుని వెళ్ళిపోయాడు.

ఇదేం పూర్వ విద్యార్థి అని విసుక్కుంది. అయితే కమిటీ ఫారంలో రోల్ నంబరుకే గడి ఉంది, ఎన్నాళ్ళు చదివాడన్న దానికి లేదు. ముప్పై రెండేళ్ళుగా ఫారాలతో వేగిన మనిషికి ఆ మాత్రం తెలుసు. నలభై ఏడు అని వేసి ఫైల్లో పెట్టింది.

రిజిస్టరు మూయబోతూ చివరి గడి చూసింది. కారణం: మెట్లు ఎక్కలేకపోవడం.

ఆమె కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చదివింది. అవే రెండు మాటలు. తర్వాత బల్ల మీదున్న టీసీ కాగితాన్ని మెల్లగా నాలుగు మడతలు పెట్టింది.

"మూడు నెలలు ఓపిక పట్టండి" అంది.

తండ్రికి అర్థం కాలేదు. "కారణం రాశారా మేడమ్?"

"ఒకసారి రాశానయ్యా. మళ్ళీ రాయను" అంది రిజిస్టరమ్మ, ఆ రెండు మాటల కింద ఉన్న తన సంతకం మీంచి చూపు తిప్పుకోలేక.